మరింబా కాన్చెర్టోకు మాలెట్లు ఎంచుకునే విధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డల్లాస్ దగ్గర హైస్కూలులో పదకొండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి, వచ్చే వసంతంలో తమ స్కూలు స్ట్రింగ్ ఆర్కెస్ట్రాతో కలిసి బ్రెజిల్ స్వరకర్త నెయ్ రొజౌరో రాసిన మొదటి మరింబా (కొయ్య పలకలను కొట్టి వాయించే వాద్యం) కాన్చెర్టోలోని (సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసే రచన) మొదటి, రెండవ, నాలుగవ భాగాలను సోలోగా వాయించబోతోంది. ఆమె దగ్గర మార్చింగ్ బ్యాండు ఫ్రంట్ ఎన్సెంబుల్‌లో (మైదానం ముందంచున నిలిచి వాయించే బృందం) వాడిన గట్టి మాలెట్లు, అంటే కాడ చివర గుండ్రని తల ఉండే కొట్టే పుల్లలు, ఒక సెట్టు, ఇంట్లో సాధనకు వాడే మధ్యరకం మాలెట్లు ఒక సెట్టు ఉన్నాయి. ఆర్కెస్ట్రాను దాటుకుని వినబడాలంటే గట్టివే కావాలని బ్యాండు డైరెక్టరు గారూ, మరింబా నాదానికి మధ్యరకమే న్యాయం చేస్తుందని ప్రైవేటు పాఠాలు చెప్పే టీచరు గారూ అంటున్నారు. ఎవరి మాట వినాలి, కొత్తవి కొనాలా, కొంటే ఎన్ని కొనాలి, నాలుగు మాలెట్లూ ఒకే గట్టిదనం ఉండాలా, కాడలు ఎలాంటివి ఉండాలి అన్నది మీ సందేహం.

ఇద్దరూ చెప్పినదానిలో నిజముంది. డైరెక్టరు గారు ఆర్కెస్ట్రా బలాన్ని తలచుకుని మాట్లాడుతున్నారు, టీచరు గారు గదిలో ఒంటరిగా మోగే వాద్యాన్ని తలచుకుని మాట్లాడుతున్నారు. కాన్చెర్టోలో లెక్కకు వచ్చే చోటు మాత్రం ఈ రెండూ కాదు, హాలులో సగం దూరంలో కూర్చున్న శ్రోత చెవి. అక్కడ ప్రతి స్వరమూ విడిగా వినబడుతూ, స్వరంలోని నిండుదనం కూడా మిగిలేటట్టు చేసే మాలెట్టే సరైనది. నా అనుభవంలో అది చాలావరకు సాధనగదిలో ఇష్టపడే మాలెట్టు కంటే ఒక మెట్టు గట్టిగానూ, మార్చింగ్ మాలెట్ల కంటే బాగా మెత్తగానూ ఉంటుంది. ఆ మెట్టు ఎక్కడుందో తెలుసుకోవడం ఎలాగన్నదే మిగతా సమాధానమంతా.

ముందుగా మాలెట్టు చేసే పని కొంచెం చూద్దాం, ఎందుకంటే ఇది తెలిస్తే దుకాణంలో సగం గందరగోళం తగ్గుతుంది. మరింబా పలకను అడుగువైపు విల్లులాగా చెక్కుతారు. అలా చెక్కి, పలక మూలస్వరానికి దాని మొదటి ఉపస్వరం (మూలస్వరంతో పాటే మోగే పైస్వరం) సరిగ్గా రెండు ఆక్టేవులు పైన, అంటే నాలుగు రెట్ల పౌనఃపున్యంలో పలికేటట్టు శ్రుతి చేస్తారు. పలక కింద వేలాడే రెసొనేటరు గొట్టం ప్రధానంగా మూలస్వరాన్నే పెంచుతుంది. గట్టి మాలెట్టు పలకను తాకి వెంటనే పైకి లేచిపోతుంది కనుక ఉపస్వరాలన్నీ స్వేచ్ఛగా మోగుతాయి, దెబ్బ పడిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. మెత్తని మాలెట్టు పలక మీద మరికొంతసేపు నిలుస్తుంది, ఆ కొద్ది వ్యవధిలోనే పై ఉపస్వరాలను అణచివేస్తుంది, అందువల్ల మూలస్వరం ఒక్కటే గుండ్రంగా మిగులుతుంది. ఉపస్వరాలు త్వరగా ఆగిపోతాయి, మూలస్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. కాబట్టి గట్టి, మెత్తన అన్న తేడా ముఖ్యంగా స్వరం మొదలయ్యే తీరులోనిదే తప్ప బిగ్గరగా వినబడడంలోనిది కాదు. గట్టి మాలెట్టుతో కొడితే శబ్దం పెరిగినట్టు వాయించేవారికి అనిపిస్తుంది. నిజానికి పెరిగింది దెబ్బ తాలూకు టకటక మాత్రమే, అది ఒక్కోసారి మూలస్వరాన్ని మింగేస్తుంది కూడా.

ఈ టకటక దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. వాయించేవారి చెవికీ పలకకూ మధ్య ఉండేది ఒక మీటరుకు అటూఇటూ దూరమే. పదిహేనో వరుసలో కూర్చున్నవారికి పై పౌనఃపున్యాలు బలహీనపడి చేరతాయి. దారిలో వయొలిన్ల శబ్దం వాటి మీద పరుచుకుంటుంది, హాలులో నిండుగా కూర్చున్న జనం, వారి దుస్తులు మరికొంత పీల్చుకుంటాయి. అందుకే వాద్యం ముందు నిలబడితే కాస్త కరుకుగా తోచే మాలెట్టు హాలు మధ్యలో చక్కగా, తేటగా వినబడుతుంది. వాద్యం ముందు తేనెలా తోచేది హాలు మధ్యలో ఎక్కడ ఏ స్వరం మొదలైందో తెలియని గుసగుసగా మారుతుంది. మీ అమ్మాయికి ఈ సంగతి నచ్చజెప్పడమే అన్నిటికంటే కష్టం కావచ్చు, ఎందుకంటే తన చెవికి అందంగా వినబడేదాన్ని వదులుకుని, కనబడని శ్రోత చెవిని నమ్మమని అడుగుతున్నాం.

ఇక మార్చింగ్ మాలెట్ల సంగతి. కాన్చెర్టోకు అవి వద్దని గట్టిగానే చెబుతాను. మైదానంలో వాడే మరింబాల్లో చాలావాటికి సింథటిక్ పలకలు ఉంటాయి. ముస్సర్ వారి కెలాన్, యమహా వారి అకూస్టలాన్ ఈ కోవలోవే. అవి ఎండకూ వానకూ తట్టుకోవాలి, మైదానం అవతల స్టాండ్లలో కూర్చున్నవారికి వినబడాలి, కాబట్టి వాటికి చాలా గట్టి మాలెట్లు వాడతారు. కచేరీ మరింబా పలకలు సాధారణంగా హోండురాస్ రోజ్‌వుడ్‌తో చేస్తారు. ఆ కొయ్య మోత మధురమే కానీ అది సింథటిక్ పలకంత మొండిది కాదు. ముఖ్యంగా మంద్రస్థాయి పలకలు మధ్యలో పలచగా చెక్కి ఉంటాయి, వాటి మీద గట్టి రబ్బరు లేదా ప్లాస్టిక్ గుండు ఉన్న మాలెట్టుతో బలంగా కొడితే గుంట పడవచ్చు. పలక మీద పడిన గుంట పోదు, పలక మార్చాలంటే ఖర్చు మాలెట్ల ఖర్చుకు ఎన్నో రెట్లు. స్కూలు వాద్యం మీదైనా, అద్దె వాద్యం మీదైనా మీరు ఆ పరిస్థితి తెచ్చుకోకూడదు. పైగా అలాంటి మాలెట్లతో రోజ్‌వుడ్ మంద్రస్వరం అసలు పలకదు, చెక్కను తట్టిన చప్పుడు మాత్రమే వస్తుంది.

రొజౌరో ఈ కాన్చెర్టోను 1986లో, తన కుమారుడు మార్సెలోకు అంకితంగా, మరింబాకూ స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకూ రాశారు. తరువాత స్కాట్లండ్ పెర్కషన్ కళాకారిణి ఎవెలిన్ గ్లెన్నీ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగు దీన్ని ప్రపంచమంతా తిప్పింది. నాలుగు భాగాలకు సౌదసావ్, లమెంతో, దాన్స, దెస్పెదీద అని పేర్లు, అంటే స్వాగతం, విలాపం, నృత్యం, వీడ్కోలు. మీకు ఉపయోగపడే విషయం ఏమిటంటే దీనిలో వెనుక ఉన్నది తీగవాద్యాలే. ఇత్తడి వాద్యాలతో పోరాటం లేదు. తీగవాద్యాల స్వరం మెల్లగా మొదలై నిలుస్తుంది, మరింబా స్వరం ఒక్కసారిగా మొదలై తగ్గిపోతుంది. అంటే మరింబా దెబ్బ మొదలయ్యే క్షణానికి వయొలిన్లు అడ్డు రావు, ఆ తరువాతి మోతను మాత్రం కప్పేస్తాయి. ఈ కారణం చేత స్వరారంభం తేటగా ఉంటే చాలు, శ్రోత చెవి మిగతాదాన్ని పూరించుకుంటుంది.

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. మీ అమ్మాయి ఇప్పుడు పియానో తోడుతో సాధన చేస్తూ ఉండవచ్చు. పియానో కూడా మరింబాలాగే సుత్తి దెబ్బతో మోగే వాద్యం కాబట్టి రెండింటి స్వరారంభాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పియానోతో వాయించేటప్పుడు విడిగా వినబడాలని తాపత్రయపడి మరీ గట్టి మాలెట్టుకు పోతే, తీరా తీగవాద్యాలతో కలిసినప్పుడు ఆ కరుకుదనం బయటపడుతుంది. పియానో రిహార్సల్ చూసి మాలెట్టు ఖాయం చేయకండి.

భాగాల వారీగా నా సలహా ఇది. మొదటి భాగమూ, నాలుగవ భాగమూ లయప్రధానమైనవి, వేగంగా సాగేవి. వీటికి మధ్యరకానికీ గట్టిరకానికీ నడుమ ఉండే మాలెట్లు తీసుకోండి, చాలా కంపెనీలు దీన్ని మీడియం హార్డ్ అంటాయి. రెండవ భాగం నెమ్మదైన విలాపం. దానికి మధ్యరకం, లేదా దానికంటే కొంచెం మెత్తనివి నప్పుతాయి, ఆమె ఇంట్లో వాడేవే సరిపోవచ్చు కూడా. నాలుగవ భాగంలో కెడెన్జా వస్తుంది, అక్కడ ఆర్కెస్ట్రా ఆగిపోయి ఆమె ఒక్కతే వాయిస్తుంది. అప్పటిదాకా వయొలిన్ల చాటున ఇమిడిన కరుకుదనమంతా ఆ నిశ్శబ్దంలో ఒక్కసారిగా నగ్నంగా వినబడుతుంది. కాబట్టి నాలుగవ భాగానికి మాలెట్టు నిర్ణయించేటప్పుడు ఆర్కెస్ట్రా అత్యంత బలంగా ఉన్న చోటునూ, కెడెన్జాలోని అత్యంత సన్నని చోటునూ రెండింటినీ వాయించి చూడాలి. ఒకదానిలోనే బాగుండే మాలెట్టు అక్కరకు రాదు.

ఇలాంటి అవసరం కోసమే రెండు స్వభావాల మాలెట్లు తయారు చేస్తారు, వీటిని టూ టోన్ మాలెట్లు అంటారు. వీటిలో లోపలి గుండు గట్టిగా ఉంటుంది, దాని మీద నూలు వదులుగా, మందంగా చుట్టి ఉంటుంది. నెమ్మదిగా వాయిస్తే నూలు మాత్రమే పలకను తాకుతుంది, స్వరం మెత్తగా వస్తుంది. బలంగా వాయిస్తే నూలు నలిగి లోపలి గుండు పనిచేయడం మొదలవుతుంది, స్వరం పదునెక్కుతుంది. ఒకే సెట్టుతో పెద్ద వ్యత్యాసం సాధించవచ్చు కనుక కాన్చెర్టో వాయించేవారిలో వీటికి మంచి ఆదరణ ఉంది. అయితే వీటిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవాలి. మధ్యస్థ బలంతో వాయించేటప్పుడు ఒక దెబ్బ మెత్తగానూ పక్క దెబ్బ పదునుగానూ పడి, పదహారో వంతు స్వరాల వేగమైన వరుస ఎగుడుదిగుడుగా వినబడే ప్రమాదం ఉంది. చేతిబలం ఇంకా సమంగా కుదరని విద్యార్థికి మామూలు మీడియం హార్డ్ మాలెట్లే మేలు. మీ అమ్మాయి చేతిని నేను చూడలేదు కాబట్టి దీన్ని ఆమె టీచరు గారే తేల్చాలి.

ప్రతి చేతిలో రెండు చొప్పున పట్టుకునే నాలుగు మాలెట్లూ ఒకే గట్టిదనం ఉండాలా అని అడిగారు. అక్కర్లేదు, చాలామంది ఉంచరు కూడా. ఎడమచేతి బయటి మాలెట్టు ఎక్కువగా మంద్రస్థాయిలో తిరుగుతుంది, కుడిచేతి బయటిది తారస్థాయిలో తిరుగుతుంది. నాలుగుంపావు ఆక్టేవుల మరింబాలో అట్టడుగు స్వరం సుమారు 110 హెర్ట్జ్, పైకొస స్వరం సుమారు 2,093 హెర్ట్జ్. అడుగు పలక పొడవుగా, వెడల్పుగా, పలచగా ఉంటుంది. పైకొస పలక పొట్టిగా, మందంగా ఉంటుంది. ఒకే మాలెట్టు ఈ రెండింటికీ సమానంగా సరిపోదు. అడుగు పలకను కదిలించడానికి బరువైన, మెత్తని తల కావాలి, పైపలక స్పష్టంగా పలకడానికి తేలికైన, గట్టి తల కావాలి. అందువల్ల ఎడమ బయటిదాన్ని మధ్యరకంగా, లోపలి రెండింటిని మీడియం హార్డ్‌గా, కుడి బయటిదాన్ని అదే రకంలో లేదా మరో మెట్టు గట్టిగా పెట్టుకునే పద్ధతి ఉంది. తేడా ఒక మెట్టుకు మించకూడదు. మించితే రెండు చేతులూ మధ్యస్థాయిలో ఒకే పలుకును పంచుకుని వాయించేచోట రెండు వేర్వేరు వాద్యాలు మోగినట్టు వినబడుతుంది. రొజౌరో కాన్చెర్టో పూర్తి ఐదు ఆక్టేవుల వాద్యాన్ని కోరదు కాబట్టి ఎడమ బయటి మాలెట్టును మరీ మెత్తన చేయాల్సిన అవసరం మీకు రాదు. ఇదొక వెసులుబాటు.

తీగవాద్యాలతో మంద్రస్థాయి గురించి ఒక మాట. చెల్లోలూ డబుల్ బాసులూ పలికే ప్రాంతమూ మరింబా మంద్రమూ ఒకటే, మనిషి చెవి కూడా లోతైన స్వరాలను తక్కువగానే పట్టుకుంటుంది. అక్కడ మరింబా వినబడకపోతే చాలామంది వెంటనే గట్టి మాలెట్టుకు మారతారు. దానివల్ల టకటక పెరుగుతుందే గానీ స్వరం పెరగదు. బరువైన తల ఉన్న మాలెట్టు, పలక సరైన చోట పడే దెబ్బ, కండక్టరు చెల్లోలను కాస్త తగ్గించమనడం, ఈ మూడూ కలిసి పనిచేస్తాయి.

పలక సరైన చోటు అన్నాను కాబట్టి అది కూడా చెప్పాలి. పలకను తాడు గుచ్చి వేలాడదీసే రెండు చోట్లు ఉంటాయి, అక్కడ పలక కదలదు. ఆ తాడు మీద కొడితే ఎంత ఖరీదైన మాలెట్టుతో కొట్టినా స్వరం మొద్దుగానే వస్తుంది. రొజౌరో కాన్చెర్టో లాంటి వేగమైన రచనలో నాలుగు మాలెట్లు ఇరుకు చోట్లలో తిరగాల్సి వచ్చినప్పుడు పై వరుస పలకల మీద చేయి తెలియకుండానే తాడు మీదికి జారుతుంది. మాలెట్టు వినబడటం లేదని అనిపించిన ప్రతిచోటా, మాలెట్టు మార్చేముందు దెబ్బ ఎక్కడ పడుతోందో పై నుంచి వీడియో తీసి చూడమనండి. పై వరుసలో పలక మధ్యలో గానీ, వాయించేవారి వైపు ఉండే కొసలో గానీ పడితే సరే.

రోల్స్ సంగతి వేరు. మరింబా స్వరాన్ని సాగదీయాలంటే మాలెట్లను వెంటవెంటనే మార్చి మార్చి వాయించాలి. గట్టి మాలెట్లతో రోల్ చేస్తే ప్రతి దెబ్బా విడివిడిగా రాలినట్టు వినబడుతుంది, మెత్తనివాటితో చేస్తే ఒకే స్వరం నిలిచినట్టు వినబడుతుంది. నెమ్మదైన భాగాలకు మెత్తని సెట్టు కావాలనడానికి ఇదే అసలు కారణం. అయితే మెత్తనివి లేవు కదా అని రోల్ వేగం పెంచడం సరికాదు. మంద్రంలో పలకలు ఎక్కువసేపు మోగుతాయి కనుక అక్కడ రోల్ నెమ్మదిగా ఉన్నా స్వరం తెగదు. వేగం పెంచితే పలక మోతను మనమే ఆపేసినట్టవుతుంది. తారస్థాయిలో మోత త్వరగా ఆగిపోతుంది కనుక అక్కడ వేగం అవసరం.

కాడల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. కచేరీ మాలెట్ల కాడలు చాలావరకు బర్చ్ కొయ్యతో గానీ, పేముతో గానీ ఉంటాయి. బర్చ్ బిగువుగా ఉంటుంది, వంగదు. పేము కొంచెం వంగి లేస్తుంది. లీ హోవర్డ్ స్టీవెన్స్ పద్ధతిలో, అంటే ప్రతి చేతిలోని రెండు కాడలూ ఒకదానికొకటి తగలకుండా పట్టుకునే పట్టులో, ఎక్కువమంది బర్చ్ వాడతారు. గ్యారీ బర్టన్ పట్టు, ఇతర అడ్డపట్లు పట్టుకునేవారిలో పేము ఎక్కువ, ఎందుకంటే అరచేతిలో ఒకదాని మీదుగా ఒకటి దాటే కాడలకు ఆ వంపు సుఖంగా ఉంటుంది. మీ అమ్మాయి ఏ పట్టు పట్టుకుంటుందో, ఇప్పుడు ఏ కాడకు అలవాటు పడిందో దానిలోనే ఉండనివ్వండి. కచేరీకి కొన్ని వారాల ముందు కాడ మార్చడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. తల మారితే చెవి సర్దుకుంటుంది, కాడ మారితే చేతుల దూరాలూ బరువులూ అన్నీ మారతాయి, అప్పుడు కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు అసలైన పని, హాలులో పరీక్ష. ఇది చేయకుండా ఎవరు ఏ మాలెట్టు సిఫారసు చేసినా అది ఊహే. స్కూలు ఆడిటోరియంలో ఆర్కెస్ట్రా రిహార్సల్ ఉన్న రోజు డైరెక్టరు గారిని ఒక అరగంట అడగండి. మూడు సెట్ల మాలెట్లు సిద్ధం చేసుకోండి: ఇంట్లో వాడే మధ్యరకం, ఒక మీడియం హార్డ్, టీచరు గారి దగ్గరో స్నేహితుల దగ్గరో అప్పు తెచ్చుకున్న మరొకటి. రచన మొత్తం వాయించనక్కర్లేదు. ఆర్కెస్ట్రా పూర్తిగా వాయిస్తుండగా మరింబా వేగంగా నడిచే ఎనిమిది పది బార్ల (తాళావర్తాల) చోటు ఒకటి, అతి నెమ్మదైన చోటు ఒకటి, మంద్రంలో చెల్లోలతో కలిసే చోటు ఒకటి, ఈ మూడూ ఎంచుకోండి. టీచరు గారినో, సంగీతం తెలిసిన మరొకరినో హాలు మధ్య వరుసలో కూర్చోబెట్టండి, ఇంకొకరిని చివరి వరుసలో. మీ అమ్మాయి ఏ సెట్టుతో వాయిస్తోందో వారికి తెలియకూడదు. ఒక్కో సెట్టుతో ఆ మూడు చోట్లూ వాయించాక, వారు ఏది బాగుందో కాకుండా మూడు ప్రశ్నలకు సమాధానాలు రాయాలి: వేగమైన చోట ఒక్కో స్వరం విడిగా తెలిసిందా, బాణీ పైకి వినబడిందా లేక తోడుస్వరాల్లో కలిసిపోయిందా, స్వరం వినబడిందా లేక తట్టిన చప్పుడు వినబడిందా. ఏది బాగుందని అడిగితే మనుషులు గట్టిగా మోగినదాన్ని ఎంచుకుంటారు, అందుకే ఆ ప్రశ్న వద్దంటున్నాను.

ఫోనులో రికార్డు చేసుకోవడం మంచిదే కానీ దానిని చివరి సాక్ష్యంగా తీసుకోకండి. ఫోను తనంతట తాను శబ్దాన్ని పెంచి తగ్గించి సరిచేస్తుంది, కాబట్టి బలాబలాల నిజమైన నిష్పత్తి అందులో ఉండదు. స్వరాలు విడిగా ఉన్నాయా లేదా అన్నదానికి మాత్రం ఫోను పనికొస్తుంది. ఇంకొకటి, ఖాళీ హాలులో శబ్దం ఎక్కువగా మోగుతుంది, జనం నిండాక కాస్త మందగిస్తుంది. పరీక్షలో రెండు సెట్లు సమానంగా తోస్తే వాటిలో కొంచెం గట్టిదాన్నే తీసుకోండి.

పరీక్షలో అన్ని సెట్లతోనూ ఒకేచోట మరింబా మునిగిపోతుంటే అది మాలెట్ల సమస్య కాదు. ఆ బార్లు రాసిపెట్టుకుని మీ అమ్మాయి డైరెక్టరు గారికి చూపించాలి. తీగవాద్యాల వారిని ఒక మెట్టు తగ్గి వాయించమనడం, కొన్ని చోట్ల ప్రతి విభాగంలో సగం మందితోనే వాయింపజేయడం కాన్చెర్టోల్లో మామూలుగా చేసే పనులు. విద్యార్థిని కదా, పెద్దవారిని ఎలా అడగడమని వెనకాడే అవసరం లేదు; సోలోయిస్టు కండక్టరుతో ఈ మాట మాట్లాడటం ఆ స్థానంతో వచ్చే బాధ్యత. వాద్యాన్ని వేదిక ముందంచుకు, కండక్టరు ఎడమచేతి వైపుకు జరపడం కూడా మాలెట్టు మార్చినంత మేలు చేస్తుంది. స్కూల్లో మైకు పెడతామంటే అప్పుడు లెక్క తిరగబడుతుంది: మైకు పలకలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దెబ్బ చప్పుడునే ఎక్కువగా పట్టుకుంటుంది, ఆ స్థితిలో ఒక మెట్టు మెత్తనివి వాడాలి.

భాగాల మధ్య మాలెట్లు మార్చడం సులభం. వాద్యం పక్కన నడుమెత్తు చిన్న బల్ల పెట్టి, దాని మీద మందపాటి టవలు పరచాలి, మాలెట్లు దొర్లవు, కింద పెట్టినప్పుడు చప్పుడు రాదు. రెండో సెట్టును ఆమె చేతిలోకి తీసుకునే వరుసలోనే ముందుగా పేర్చి ఉంచాలి, ఎడమ బయటిది ఎడమ వైపు, తలలు తనకు అవతలి వైపు. ఈ మార్పును కూడా స్వరాలతో పాటు సాధన చేయాలి, ఎందుకంటే వేదిక మీద తడబడేది సాధారణంగా ఇలాంటి చోట్లలోనే. భాగం మధ్యలో మార్చడాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. విరామం తగినంత ఉన్నా, ఆ హడావుడిలో తరువాతి వాక్యం మీద ధ్యాస చెదురుతుంది. ఒక భాగానికి ఒక సెట్టు చాలు, మిగతా రంగులు చేతిలో నుంచి రావాలి: దెబ్బ ఎత్తు, వేగం, పలక మీద చోటు మార్చితే ఒకే మాలెట్టుతో మూడు నాలుగు ఛాయలు తేవచ్చు.

ఆమె మున్ముందు వేరే కాన్చెర్టోలు వాయించేటప్పుడు ఈ ఎంపిక ఇలాగే ఉండదు. పాల్ క్రెస్టన్ 1940లో రాసిన కాన్చెర్టీనోలో (చిన్న కాన్చెర్టో) వెనుక పూర్తి ఆర్కెస్ట్రా ఉంటుంది, దాని మొదటి భాగానికి రొజౌరో కంటే గట్టి మాలెట్లు కావాలి, రెండవ భాగం నాలుగు మాలెట్ల రోల్స్ మీద నడుస్తుంది కనుక అక్కడికి బాగా మెత్తనివి కావాలి. ఎమ్మాన్యుయెల్ సెజూర్నె మరింబా, తీగవాద్యాల కాన్చెర్టో ఐదు ఆక్టేవుల వాద్యానికి రాసినది, అట్టడుగు స్వరం సుమారు 65 హెర్ట్జ్ దాకా దిగుతుంది, కాబట్టి అక్కడ ఎడమ బయటి మాలెట్టు ఎంపికకే ఒక పూట పడుతుంది. దారియస్ మియో 1947లో రాసిన కాన్చెర్టోలో ఒకే వాద్యకారుడు మరింబానూ వైబ్రాఫోనునూ వాయిస్తాడు, కొయ్యకూ లోహానికీ రెండింటికీ నప్పే మాలెట్టు వెతుక్కోవాలి. వీటన్నిటికీ ఇప్పుడే కొనిపెట్టుకోవడం డబ్బు వృథా.

కొనే సంగతికి వస్తే, ప్రస్తుతానికి ఒక్క కొత్త సెట్టు చాలు: ఆమె పట్టుకు తగిన కాడతో, నూలు చుట్టిన మీడియం హార్డ్ మాలెట్లు రెండు జతలు. మంచి కంపెనీల మాలెట్లు జత 50 డాలర్ల పైమాటే. వైబ్రాఫోను కోసం చేసే దారం చుట్టిన మాలెట్లు పొరపాటున తీసుకోకండి, వాటి చుట్టు సన్నగా, బిగువుగా ఉంటుంది, రోజ్‌వుడ్ మీద కరుకుగా వినబడతాయి. మీడియం హార్డ్ అన్న మాటకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఇన్నోవేటివ్ పెర్కషన్ వారి మీడియం హార్డూ, విక్ ఫర్త్ వారి మీడియం హార్డూ, మాలెటెక్ వారిదీ పక్కపక్కన పెట్టి వాయిస్తే మూడూ మూడు రకాలుగా పలకవచ్చు. ఒకే కంపెనీలో ఒక కళాకారుడి పేరుతో ఉన్న వరుసకూ మరొకరి పేరుతో ఉన్న వరుసకూ తేడా ఉంటుంది. రొజౌరో పేరుతోనే విక్ ఫర్త్ ఒక వరుస తయారు చేసింది. ఆయన రచన కాబట్టి ఆయన పేరున్న మాలెట్లే కొనాలన్న నియమమేమీ లేదు, పరీక్షలో వాటిని కూడా చేర్చుకుంటే సరి. కాడ మీద పేరు చూసి కాకుండా, అప్పు తెచ్చి హాలులో వాయించి చూశాక కొనండి. ఎడమ బయటి చోటుకు ఆమె దగ్గరున్న మధ్యరకం మాలెట్టునే వాడి చూడమనండి. బరువూ కాడ పొడవూ కొత్తవాటికి దగ్గరగా ఉంటే మరో జత కొనే ఖర్చు తప్పుతుంది.

కొత్త మాలెట్లను కచేరీ వారంలో విప్పకండి. కొత్త నూలు బిగువుగా ఉంటుంది, కొన్నాళ్లు వాయించాకే దాని అసలు స్వరం స్థిరపడుతుంది, కాబట్టి కనీసం నెల ముందు చేతికి రావాలి. మరోవైపు బాగా వాడిన మాలెట్టులో దెబ్బపడే చోట నూలు అణిగి పలచబడి, లోపలి గుండు పలకకు దగ్గరవుతుంది; అప్పుడు అదే మాలెట్టు ఒక మెట్టు గట్టిగా వినబడుతుంది. అందుకే నాలుగు మాలెట్లూ సమంగా అరిగేటట్టు రోజువారీ సాధనకు పాత సెట్టునూ, వారానికి కొన్నిసార్లు మాత్రం కచేరీ సెట్టునూ వాడమనండి. తల పైభాగంలో చుట్టును పట్టి ఉంచే కుట్లు ఉంటాయి, కచేరీ ముందురోజు వాటిని వేలితో తడిమి చూడాలి. ఒక్క పోగు తెగి వేలాడుతున్నా ఆ మాలెట్టు పక్కన పెట్టి, అదే రకం మరొకటి తీసుకోవాలి, ఎందుకంటే వేగమైన భాగంలో ఆ పోగు ఊడి చుట్టు విప్పుకుంటే ఆపి కట్టుకునే వీలుండదు. ఆ ఒక్క కారణానికి, కొనే రెండు జతలతో పాటు లోపలి మాలెట్ల రకంలోనే మూడో జత ఒకటి బల్ల మీద ఉంచగలిగితే ఉంచండి.